వెంగమ్మక్క నిమ్మతోటకు పరాయి దోమ

నిమ్మచెట్టు కింద నిలబడకే చెల్లీ
నీ కొంగు నిండా పూలు రాలేనే
ముల్లు గుచ్చుకుంటే...

ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుందో మరిచిపోయాను. చిన్నప్పుడు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతూ పాడేవాళ్ళం. పెద్దయ్యాక పక్కతోట వెంగమ్మక్కకు ఒకసారి పాడి వినిపించాను, ఆమెకైనా మిగతాది తెలుసేమోనని. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "నిలబడొద్దంటే కూర్చోవచ్చునా చెల్లే?" అని అడిగింది.

దానికి పాటలో జవాబు లేదు.

"చూశావా, పాట కట్టినోళ్ళు సగమే చెప్పారు. చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్తే కదా, చేసేవాళ్ళు సరిగ్గా చేసేది" అంది.

ఆ ఇంటి సంగతంతా ఆ మాటలోనే ఉంది. వాళ్ళది మా గూడూరు పక్క పాళెం. నిమ్మతోట మధ్యలో ఇల్లు. ఇంట్లో ముగ్గురు. చెంచయ్య బావ ఇంటి పెద్ద. వెంగమ్మక్క ఆయన భార్య. గురవయ్య ఆయన తమ్ముడు. తమకున్నంత బుర్ర ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. "మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఒక పిసరు తక్కువ చెయ్యం, ఒక పిసరు ఎక్కువ చెయ్యం. అదే తెలివంటే" అని చెంచయ్య బావ మీసం తిప్పేవాడు.

చెంచయ్య బావకు రక్తపోటు ఉండేది. పొద్దున లేవగానే మాత్ర వేసుకోమని డాక్టరు చెప్పాడు. ఒకరోజు రాత్రంతా కరెంటు ఎప్పుడొస్తుందోనని మోటారు దగ్గర మేలుకునే కూర్చున్నాడు. తెల్లారింది. మాత్ర వేసుకోలేదు. ఏం బావా అంటే, "నిద్రపోతే కదా లేచేది? లేవకుండా ఎట్టా వేసుకునేది?" అన్నాడు. మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడితే, స్పృహ వచ్చాక లేచి కూర్చుని, "ఆఁ, ఇప్పుడు ఇవ్వండి" అన్నాడు.

గురవయ్యకు పెళ్ళి కాలేదు. మంచి సంబంధం వచ్చేదాకా ఆగరా అని వాళ్ళమ్మ చెప్పి, ఆ తరవాత కాలం చేసింది. సంబంధాలు వచ్చాయి. గురవయ్య కదల్లేదు. "అమ్మ ఆగమంది. ఇంక చాల్లే అని చెప్పకుండానే పోయింది. నేనేం చేసేది వదినా?" అనేవాడు. వెంగమ్మక్క కళ్ళు తుడుచుకుని, "ఎంత బుద్ధిమంతుడివయ్యా" అనేది.

వాళ్ళకు ఆ నిమ్మతోట తప్ప వేరే బతుకు లేదు. మోటారు కొట్టు పక్కన ఉండే పెద్ద చెట్టంటే వెంగమ్మక్కకు ప్రాణం. అది వాళ్ళత్త చేత్తో నాటింది. వెంగమ్మక్క ఆ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో, బెంగ పెట్టుకుని ఏడుస్తుంటే, అత్త ఆ చెట్టు కింద కూర్చోబెట్టి తల దువ్వేదంట. అత్త పోయాక కూడా వెంగమ్మక్క తల దువ్వుకోవాలంటే అక్కడికే పోయేది.

అట్టా ఉండగా ఒకరోజు తోటల శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పేరు హైమవతి. చిన్నపిల్లే, ఓపిక గల పిల్ల. నేను కూడా అక్కడే ఉన్నాను, మజ్జిగ తీసుకుపోయి.

"పరాయి దేశం నుంచి కొత్తరకం తెల్లదోమ వచ్చిందండీ. నిమ్మ, బత్తాయి తోటల మీద పడుతోంది. ఏ తోటలో ఎంత ముప్పుందో చూడ్డానికి తిరుగుతున్నాను" అంది.

"ఎట్టా ఉంటుందమ్మా అది?" అన్నాడు చెంచయ్య బావ.

"చాలా చిన్నది. ఆకు తిప్పి చూడండి. అడుగున దూది అంటించినట్టు ఉంటుంది. చీమలు తిరుగుతుంటాయి. ముదిరితే ఆకుల మీద మసి పడుతుంది. మసి కనబడిందంటే ముప్పే."

"మసి ముప్పు" అని చెంచయ్య బావ తలూపాడు.

"వేరే తోటల నుంచి వచ్చేవాళ్ళను లోపలికి రానివ్వకండి. బట్టలకు అంటుకుని కూడా వస్తుంది. ఇంకో మాట. పసుపుపచ్చ రంగంటే దానికి ఇష్టం. పసుపుపచ్చ అట్టలకు ఆముదం పూసి చెట్ల మధ్య కట్టండి. వచ్చి అతుక్కుంటుంది. అప్పుడు ఉందో లేదో తెలిసిపోతుంది. శుక్రవారం వచ్చి చూస్తాను."

"ఉంటే ఏం చేస్తారమ్మా?" అని మెల్లగా అడిగింది వెంగమ్మక్క.

"కొంచెం ఉంటే మందుంది. తోటంతా పాకితే మాత్రం చెట్లు కొట్టి తగలబెట్టాల్సి వస్తుందండీ. లేకపోతే చుట్టుపక్కల తోటలన్నీ పోతాయి."

వెంగమ్మక్క పెద్ద చెట్టు వైపు చూసింది. ఆఫీసరమ్మ వెళ్ళాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ పిల్ల చెప్పిందంతా ఒక్కటి కూడా వదలకుండా చేస్తాం చెల్లే. చేస్తే చెట్టుకేం కాదు గదా?" అంది.

"ఏం కాదక్కా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అంతే. ఆ సాయంత్రమే మొదలైంది.

మొదట గురవయ్య గేటుకు తాళం వేశాడు. కొత్త తాళం, గుమ్మడికాయంత ఉంది. కర్ర పట్టుకుని గేటు ముందు కూర్చున్నాడు. ఆ తోటకు గేటుందే గానీ కంచె లేదు. ఎప్పుడో కంచె కూడా వెయ్యాలనుకుని ముందు గేటు పెట్టారు. గొర్రెలు, కుక్కలు, పేపరు వేసే మనిషి, అందరూ గేటు పక్కనుంచే వచ్చిపోతారు.

"గురవయ్యా, పక్కనుంచి వస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"పక్కనుంచి వచ్చేది దొంగ. ఇది దొంగని ఆ యమ్మ చెప్పలేదే. పురుగని చెప్పింది" అన్నాడు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే మా వాకిట్లో వెంగమ్మక్క. నెత్తిన పొయ్యి, చంకలో కట్టెలు.

"కొన్నాళ్ళు మా పొయ్యి మీ ఇంట్లో ఉంటుంది చెల్లే. మసి కనబడితే ముప్పంది గదా ఆ పిల్ల. మా వంటింట్లో గోడ నిండా మసే. రాత్రి చూసి గుండె ఆగినంత పనైంది. మీ బావ తెల్లవార్లూ సున్నం కొట్టాడు."

"అక్కా, మసి ఆకుల మీద పడితే ముప్పంది గానీ, వంటింట్లో ఉంటే కాదు."

"గోడ మీద నుంచి ఆకు మీదకు ఎంత దూరం చెల్లే? గాలొస్తే చాలు" అంది. నాకు ఒక్క క్షణం నిజమేననిపించింది. వాళ్ళతో వచ్చిన చిక్కే అది, కాసేపు మాట్లాడితే మనకూ అట్టాగే అనిపిస్తుంది.

ఇంకేముంది, మూడు పూటలా మా ఇంట్లో వండుకుని తోటకు మోసుకుపోవడం.

తరవాత ఆకులు తిప్పి చూసే పని. చెంచయ్య బావ ఒక ఆకు తిప్పాడు, చూశాడు, వదిలాడు. ఆకు మళ్ళీ ఎప్పట్లాగే తిరిగింది. ఆయనకు కోపం వచ్చింది. "తిప్పితే తిప్పినట్టు ఉండాలి గదా" అని మళ్ళీ తిప్పాడు. అది మళ్ళీ వెనక్కి. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క ఆకుతోనే సరిపోయింది. ఆఖరికి, ఆకు తిరగకపోతే మనమే తిరుగుదామని చెట్టు కింద చాపేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. నిమ్మనీడ చల్లగా ఉంటుంది. కాసేపటికి గురక.

"ఏమన్నా కనబడిందా?" అంది వెంగమ్మక్క లేపి.

"ఒక్క పురుగు కనబడితే ఒట్టు" అన్నాడాయన.

"కళ్ళు మూసుకుంటే ఎట్టా కనబడుద్దయ్యా?"

"చూడమన్నప్పుడు ఆ యమ్మ కళ్ళు తెరవమని చెప్పిందా?"

వెంగమ్మక్క ఇంక వాదించలేదు. ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. దూది అంటించినట్టు ఉంటుందని ఆఫీసరమ్మ అంది. అసలు ఆకు అడుగున దూది అంటిస్తే ఎట్టా ఉంటుందో తమ ముగ్గురిలో ఎవరూ చూడలేదు. చూడందే ఎట్టా పోల్చుకోవడం? చీర కొనాలన్నా పాత చీర ముక్క తీసుకుపోయి రంగు పక్కన పెట్టి చూస్తాం గదా. మచ్చు ఉండాలి.

అంతే. గురవయ్య దిండు చింపింది. మంచి బూరుగు దూది. మా ఇంట్లో వండిన అన్నం మెతుకులు మెదిపి, ఆకు అడుగున రాసి, దూది అంటించింది. ముచ్చటగా ఉంది. పక్క చెట్టు దగ్గరికి పోయింది. మచ్చు అక్కడుంది, ఆకు ఇక్కడుంది. మళ్ళీ అక్కడికి పోవాలి, చూడాలి, ఇక్కడికి రావాలి. వచ్చేలోపు మచ్చు ఎట్టా ఉందో మరిచిపోతోంది.

"చెట్టుకొక మచ్చు ఉంటే సరిపోయే" అన్నాడు చెంచయ్య బావ.

"కొమ్మకొకటి ఉంటే ఇంకా మంచిది" అంది వెంగమ్మక్క.

ముగ్గురి దిండ్లూ అయిపోయాయి. తరవాత పరుపు. బుధవారం సాయంత్రానికి తోటలో మచ్చు లేని కొమ్మ లేదు. అన్నం వాసనకు చీమలు బారులు తీరి వచ్చాయి. వాటిని చూసి వెంగమ్మక్క ఎంత సంతోషించిందో. "చూడు గురవయ్యా, చీమలు కూడా ఉంటాయంది ఆ పిల్ల. మచ్చు ఎంత సరిగ్గా కుదిరిందో" అంది.

బుధ, గురువారాలు నేను ఊళ్ళో లేను. బంధువుల ఇంటికి పోయాను, ఈ మచ్చుల సంగతి నాకు తరవాతే తెలిసింది. ఉంటే చెప్పేదాన్నేమో. చెప్పినా వినేవాళ్ళో లేదో.

గురువారం పసుపుపచ్చ అట్టల పని. అట్టలు కొనడానికి చెంచయ్య బావ చొక్కా వేసుకుని బయల్దేరబోయి, చెట్ల వైపు చూసి ఆగిపోయాడు.

"ఏమే, పండిన నిమ్మకాయ ఏ రంగు?"

"పసుపుపచ్చ."

"మరి ఇన్ని పసుపుపచ్చ కాయలు చెట్లకే కట్టి ఉండగా, అట్టలెందుకు దండగ?"

వెంగమ్మక్క ముక్కున వేలేసుకుంది. "నీకు ఈ బుర్ర ఎవరిచ్చారయ్యా" అంది. ఇంకేముంది, నిచ్చెన వేసుకుని, ముళ్ళు గీరుకుంటూ, పండిన ప్రతి కాయకూ ఆముదం పూశారు. సాయంత్రం కాయలు కోసేవాళ్ళు వచ్చారు. వాళ్ళను గురవయ్య గేటు దగ్గర బట్టలు దులిపించి, దూకించి, మళ్ళీ దులిపించి పంపాడు. కాయ పట్టుకుంటే సబ్బుముక్కలాగా జారిపోతోంది. ఒక్క కాయ గంపలో పడలేదు. "ఏందయ్యా ఇది, తలంటు పోశారా కాయలకు?" అని వాళ్ళు తిట్టుకుంటూ పోయారు.

చెంచయ్య బావకు అప్పటికీ తృప్తి లేదు. కాయలు పైనున్నాయి. చెట్ల మధ్య కట్టమంది ఆఫీసరమ్మ. మధ్యలో ఏముంది? ఏమీ లేదు. ఆలోచిస్తూ పెళ్ళాం మొహం వైపు చూశాడు.

వెంగమ్మక్కకు మొహాన పసుపు రాసుకోందే రోజు గడవదు. పెళ్ళైన నాటి నుంచి అదే అలవాటు. గడపకు రాసినట్టు మందంగా రాస్తుంది.

శుక్రవారం పొద్దున్నే నేను వచ్చి చూసేసరికి తోట నడిమధ్య వెంగమ్మక్క నిలబడి ఉంది. రెండు చేతులూ బార్లా చాపింది. మొహం, మెడ, మోచేతుల దాకా పసుపు. దాని మీద ఆముదం, చీర తడిసి నడుము దాకా కారింది. ఎండకు ఇత్తడి బిందెలాగా మెరిసిపోతోంది. నడుముకు తాడు కట్టి, రెండో కొస చెట్టుకు కట్టారు.

"అక్కా, ఏం చేస్తున్నావిక్కడ?"

"మాట్లాడించబాక చెల్లే. పురుగు బెదురుద్ది" అంది పెదాలు కదపకుండా.

"ఈ తాడేంది?"

"కట్టమంది గదా ఆ పిల్ల."

నాకు నవ్వు వచ్చింది. కానీ ఆమె కళ్ళు పెద్ద చెట్టు మీదే ఉన్నాయి. ఆ చెట్టు కోసం ఈ మనిషి చీకటితో లేచి జిడ్డు కారుతూ నిలబడింది. నవ్వు మింగేసి, ఆమె ముక్కు మీద దురద పెడుతుంటే గోకి పెట్టాను.

అప్పుడే గేటు దగ్గర గొడవ వినబడింది. ఆఫీసరమ్మ వచ్చింది.

"మీరు యాడి నుంచి వస్తున్నారమ్మా?" అంటున్నాడు గురవయ్య.

"కొండగుంటపాళెం తోట నుంచి."

"అయితే లోపలికి రాగూడదు."

"నేనండీ, హైమవతిని. మొన్న వచ్చాను గదా."

"తెలుసమ్మా. వేరే తోటల నుంచి వచ్చేవాళ్ళను రానివ్వొద్దని మొన్న మీరే గదా చెప్పారు. మీ మాట మీరే వినకపోతే ఎట్టా?"

ఆమె గేటు వైపు చూసింది. గేటు పక్కన ఖాళీ వైపు చూసింది. పక్కనుంచి నడిచి లోపలికి వచ్చేసింది. గురవయ్య అడ్డుకోలేదు. "గేటు నుంచి రాలేదు, మంచి పిల్ల. చెప్తే వింది" అన్నాడు.

ఆఫీసరమ్మ మొదటి చెట్టు దగ్గర ఆగింది. వంగి చూసింది. తెల్లగా దూది. రెండో చెట్టు, దూది. చీమలు. ఏ వరసలో చూసినా, ఏ కొమ్మ కింద చూసినా, దూది, చీమలు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఫోను తీసి పై ఆఫీసరుకు చేసింది.

"సార్, తోటంతా పట్టేసింది సార్. ఇంత ఘోరంగా ఎక్కడా చూడలేదు. ఒక్క కొమ్మ మిగల్లేదు. కొట్టెయ్యాల్సిందే సార్."

ఆ మాట చెంచయ్య బావ చెవిన పడింది. ఆయన మొహం వాడిపోయింది. కానీ ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మోటారు కొట్టులోకి పోయి గొడ్డలి తెచ్చాడు. పక్కనే ఉంది గనక ముందు పెద్ద చెట్టు దగ్గరికే పోయాడు. గొడ్డలి ఎత్తాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, గొడ్డలి మాత్రం దించలేదు.

వెంగమ్మక్క చూసింది. తాడుతో సహా ఉరికింది. తాడు సాగలేదు, కానీ ఒళ్ళంతా ఆముదమే గదా, తాడులోంచి జారి బయటపడింది. పోయి చెట్టును కావలించుకుంది.

"జరగవే. ఆఫీసరమ్మ కొట్టెయ్యమంది."

"నేను జరగను."

"చెప్పింది చెయ్యాలి గదే. ఎప్పుడన్నా తప్పామా?"

"జరగమని ఆ పిల్ల నాకు చెప్పలేదు" అంది వెంగమ్మక్క.

గొడ్డలి అట్టాగే గాల్లో ఉంది. ఆఫీసరమ్మ పరుగున వచ్చింది. "ఆగండి, ఇప్పుడే కాదు" అంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పక్కనే ఒక కొమ్మ ఆమె మొహానికి తగిలింది. ఆకు అడుగున దూది ఊడి ఆమె చేతిలో పడింది. ఊడిన చోట అన్నం మెతుకు ఉంది.

ఆమె ఆ మెతుకు చూసింది. భూతద్దం తీసి చూసింది. వాసన చూసింది.

"ఇది అన్నం" అంది.

"అవునమ్మా, రాత్రి మిగిలింది. గంజితో అయితే జారిపోతోంది" అంది వెంగమ్మక్క.

"ఈ దూది మీరు అంటించారా?"

"మచ్చుకమ్మా. చూసి పోల్చుకోవడానికి."

"అన్ని చెట్లకూనా?"

"పరుపు అయిపోయిందమ్మా. లేకుంటే ఇంకా దట్టంగా పెట్టేవాళ్ళమే" అని నొచ్చుకుంది వెంగమ్మక్క.

ఆఫీసరమ్మ చెట్టు కింద చతికిలబడింది. కాసేపు ఏడుస్తోందనుకున్నాం. కాదు, నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తలెత్తి, అప్పుడు సరిగ్గా చూసింది వెంగమ్మక్క మొహాన్ని. పసుపు, ఆముదం, దాని మీద పొద్దుటి నుంచి అతుక్కున్న పురుగులు. నవ్వు ఆగిపోయింది. లేచి దగ్గరికి పోయి భూతద్దం పెట్టి, ఈ బుగ్గ, ఆ బుగ్గ, నుదురు, గడ్డం అన్నీ వెతికింది. వెంగమ్మక్క ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఆమె నిమ్మతోట బతుకంతా అప్పుడు ఆమె మొహం మీదే ఉంది.

"ఇది మామూలు దోమ. ఇది చిన్న ఈగ. ఇదీ అంతే. ఆ తెల్లదోమ ఒక్కటి కూడా లేదు" అంది ఆఫీసరమ్మ. తరవాత చెట్టు చెట్టుకూ పోయి దూది లేని ఆకులన్నీ తిప్పి చూసింది. పొద్దు వాలేదాకా చూసింది. "మీ తోటలో లేదండీ. నిజం చెప్పాలంటే, ఇంత మంచి అట్ట నేనెక్కడా చూడలేదు" అంది వెంగమ్మక్క చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఫోను చేసి పై ఆఫీసరుకు ఏం చెప్పిందో నాకు తెలియదు. చాలాసేపు చెప్పింది.

వెళ్ళబోతూ వెంగమ్మక్క చేతికి ఒక చిన్న సీసా ఇచ్చింది. "ఇకముందు ఎప్పుడన్నా ఆ దోమ కనబడితే, దీంట్లో పట్టి పెట్టి నాకు కబురు చెయ్యండి. ఇంకేం చెయ్యొద్దు. దయచేసి ఇంకేం చెయ్యొద్దు" అంది.

ఆ తరవాత కొన్నాళ్ళకే నేను మా అమ్మాయి దగ్గరికి ఊరు మారి వచ్చేశాను. ఇక్కడే మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకుని, ఇదంతా రాస్తున్నాను. ఆ తోట ఇవాళ్టికీ పచ్చగానే ఉందని అటు నుంచి వచ్చినవాళ్ళు చెప్తారు. ఎట్టా ఉందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఎందుకంటే బయల్దేరే రోజు పొద్దున, చెప్పి పోదామని వెంగమ్మక్క దగ్గరికి పోయాను. పెద్ద చెట్టు కింద కూర్చుని తల దువ్వుకుంటోంది. పక్కన ఆ సీసా ఉంది.

"ఇది చూడు చెల్లే. దోమ కనబడితే దీంట్లో పెట్టమంది గదా ఆ పిల్ల. ఎన్నాళ్ళు చూసినా మా తోటలో కనబడలేదు. చెప్పిన పని అట్టా మిగిలిపోతే ఎట్టా? అందుకని గురవయ్య ఆ దోమ పట్టిన కొండగుంటపాళెం తోటకు పోయి, అడిగి తెచ్చాడు. ఒకటే అయితే బెంగ పెట్టుకుంటుందని ఒక ఆకు నిండా తెచ్చాడు."

సీసా ఎత్తి వెలుతురులో చూశాను. ఆకు ఉంది. ఆకు మీద ఏమీ లేదు.

"అక్కా, దీంట్లో ఏమీ లేవే. మూత తీశారా?"

"తియ్యకపోతే వాటికి ఊపిరాడొద్దా? రోజూ పొద్దునా సాయంత్రం తీస్తానే ఉన్నా" అంది. నా మొహం చూసి, దువ్వెన పక్కన పెట్టి, నా చెయ్యి నిమిరింది. "దిగులు పడబాక చెల్లే. యాడికీ పోయుండవు, గేటుకు తాళమేసే ఉంది."